మోకాలి మార్పిడి, తొడ ఎముక వంకర: ఎముకను కోయాలా, కోతలోనే సర్దాలా?

ఎప్పుడో బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగి, అది వంకరగానే అతుక్కున్న మనిషికి ఇప్పుడు మోకాలు అరిగిపోతే ముందున్నవి ప్రధానంగా రెండు దారులు. ఒకటి, వంకరను అలాగే వదిలేసి, మోకాలి దగ్గర వేసే కోతలనే కాస్త ఏటవాలుగా వేసి కాలిని తిన్నగా తేవడం. రెండోది, వంకర ఉన్నచోటే ఎముకను కోసి, సరిచేసి, రాడ్డో ప్లేటో వేసి, అదే ఆపరేషన్‌లో కొత్త కీలు పెట్టడం.

మొదటిది వినడానికి హాయిగా ఉంటుంది: ఒకే చోట కోత, చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే వాకర్‌తో నడక. కానీ దీనికో హద్దుంది. పక్కకు వంకర సుమారు 20 డిగ్రీలు దాటినా, మోకాలికి బాగా దగ్గరగా ఉన్నా, కోత వెళ్ళి పక్క లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలు) అతుక్కునే చోటునే తినేయొచ్చు, అవి పోతే ఎంత ఖరీదైన కీలు పెట్టినా మోకాలు ఊగుతుంది. పైగా ఎముక లోపలికి దూర్చే కొలత రాడ్డు వంకర ఎముకలో సరిగా దూరదు, అందుకే కంప్యూటర్‌తో కోతలు కొలిచే నావిగేషనో, రోబోనో ఇక్కడ నిజంగా పనికొస్తుంది (మిగతాచోట్ల ప్రకటనల హడావుడే ఎక్కువని నా అనుమానం).

రెండోదాంట్లో లిగమెంట్లు భద్రం. బదులుగా ఆపరేషన్ సేపు పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ భయం, కోసిన ఎముక అతుక్కోకపోయే ప్రమాదం, పూర్తి బరువు మోపడానికి వారాల నిరీక్షణ. సిగరెట్ మానని వాళ్ళకు ఇది మరీ రిస్క్. ముందు ఎముక సరిచేసి, అది అతికాక కీలు మార్చే పద్ధతీ ఉంది, కాకపోతే రెండుసార్లు మత్తు, రెండుసార్లు ఖర్చు.

చిన్న వంకరకు నా ఓటు మొదటిదానికే. ఏదైనా సరే, నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా తీసిన పొడవాటి ఎక్స్‌రే లేకుండా ఎవరైనా తేల్చేస్తే, ఇంకో డాక్టర్‌ని అడగండి.