జాగ్రత్త: పెన్ను మోగినంత మాత్రాన గని వజ్రం కాదు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో పెళ్లిళ్లకు వజ్రాల నగలు తీసుకోబోయే మన తెలుగు కుటుంబాలు దయచేసి ఇది చదవండి. మా చెల్లెలి కూతురి పెళ్లికి బరంపురంలోని ఒక దుకాణంలో ఏడు రాళ్ల దుద్దులు కొన్నారు. అమ్మినవారు ఒక్కో రాయి మీద పెన్నులాంటి యంత్రం ఆనించి, అది మోగగానే "అసలు వజ్రమేనమ్మా" అని నమ్మబలికి, తమ దుకాణం పేరుతో అచ్చువేయించిన కార్డు చేతికిచ్చారు. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో రత్నపరీక్ష చేయిస్తే పద్నాలుగు రాళ్లూ ల్యాబ్‌లో తయారైనవేనని తేలింది. కట్టించుకున్నది మాత్రం గని వజ్రాల ధర.

ఆ పెన్ను చూసేది రాయిలో వేడి ఎంత త్వరగా పాకుతుందన్నది మాత్రమే. ల్యాబ్ వజ్రమూ కర్బన స్ఫటికమే కాబట్టి దాని మీదా మోగుతుంది. అసలు వజ్రం కానే కాని, వజ్రంలా మెరిసే మొయిసనైట్ అనే రాయి మీద కూడా చాలా పెన్నులు మోగుతాయి. గనిదా, ల్యాబ్‌దా అన్నది పరీక్షాకేంద్రంలోని యంత్రాలే తేల్చగలవు.

కార్డు మీద "ఇ-ఎఫ్, వి.వి.ఎస్." అని ఉంది, అంటే రంగులేని రాళ్లు, లోపాలు అతి స్వల్పం అని. రంగును డి నుంచి జెడ్ వరకూ అక్షరాలతో, లోపాలను పదిరెట్ల భూతద్దం కింద చూసి నిర్ణయిస్తారు. అయితే ఆ పని అమ్మేవాడు కాక, అమ్మకంతో లాభం లేనివాడు చేయాలి. పైగా బంగారంలో పొదిగాక పసుపుఛాయ రాయి రంగును మరుగుపరుస్తుంది, కొక్కేల కింద మచ్చలు దాక్కుంటాయి. అందుకే పెద్ద రాయి అయితే, పొదగకముందే విడిగా జి.ఐ.ఎ., ఐ.జి.ఐ. వంటి స్వతంత్ర సంస్థ నివేదికతో తీసుకోండి. రాయి అంచున లేజర్‌తో చెక్కిన సంఖ్య ఉంటే దాన్ని భూతద్దంలో మీరే చదివి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. హాల్‌మార్కు, నగ మీద ముద్రించే ఆరక్షరాల గుర్తింపు సంఖ్య హెచ్.యు.ఐ.డి. బంగారానికే తప్ప రాళ్లకు పూచీ కావు.

తూకం సంగతీ చూడండి. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే వంద సెంట్లు. రాళ్ల బరువు తీసేశాకే బంగారానికి ధర కట్టాలి. మావాళ్ల బిల్లులో అదీ తీయలేదు.

నిలదీస్తే, బిల్లులో "డైమండ్" అని మాత్రమే రాశామనీ, ల్యాబ్‌దీ డైమండేననీ దుకాణంవారు వాదించారు. ఇది నాకు చాలా బాధ కలిగించింది, ఎందుకంటే భారత ప్రమాణాల సంస్థ బి.ఐ.ఎస్. 2020 నాటి ప్రమాణం ఐ.ఎస్. 15766 ప్రకారం ఏ విశేషణమూ లేకుండా "డైమండ్" అంటే సహజ వజ్రమే. కనుక కొనేటప్పుడే "సహజ వజ్రం" అన్న మాట, మొత్తం సెంట్లు, రంగు, స్వచ్ఛత, నికర బంగారం బరువు బిల్లులో రాయించుకోండి.

ఇప్పటికే ఇలాంటి కార్డుతో కొన్నవారు నగను, బిల్లును, కార్డును ఆ దుకాణానికి తిరిగి అప్పగించకండి, రాళ్లు ఊడదీయనివ్వకండి. ముందు స్వతంత్ర పరీక్ష చేయించి, రెండేళ్ల గడువు దాటకముందే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి.