టర్బో మియాటాలో ఇంజిన్ వేడి: ఏది పనిచేసింది, ఏది దండగ

నా కారు 2000 మోడల్ మాజ్డా మియాటా, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. కంపెనీ నుంచి 140 హార్స్‌పవర్‌తో వచ్చిన 1.8 లీటర్ ఇంజిన్‌కి టర్బో (ఎగ్జాస్ట్ పొగ ఊపుతో ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే పరికరం) బిగించుకుని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. డాలస్ ఎండల్లో ఆఫీసుకీ ఇదే, వీలున్నప్పుడు క్రెసన్‌లోని మోటర్‌స్పోర్ట్ రాంచ్ ట్రాక్‌కీ ఇదే. టర్బో కిట్లు అమ్మేవాళ్లు పవర్ గురించే చెబుతారు. దానితోపాటు బానెట్ కింద చేరే వేడి సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. అందుకోసం చాలానే ఖర్చుపెట్టాను. అందులో ఏది గిట్టుబాటైందో రాస్తున్నాను.

ముందు డాష్‌బోర్డులోని టెంపరేచర్ ముల్లుని నమ్మడం మానెయ్యండి. ఈ తరం మియాటాలో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) బాగా వేడెక్కేదాకా అది మధ్యలోనే నిలబడి ఉంటుంది. అది కదిలేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోతుంది. నేనిక్కడ చెప్పే అంకెలన్నీ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) లాగ్‌లోంచి తీసినవి.

నాకు బాగా పనికొచ్చింది రేడియేటర్ చుట్టూ సందులు మూయడం. దీనికయ్యింది కొంచెం అల్యూమినియం రేకు, ఫోమ్, ఒక ఆదివారం. ముందు టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, దాని వెనక ఏసీ కండెన్సర్, ఆ వెనక రేడియేటర్. ఈ మూడింట్లోంచీ దూరడం కంటే పక్క సందుల్లోంచి జారిపోవడమే గాలికి సుఖం. ఆ సందులు మూసేసి, పాత ఓనర్ ఎప్పుడో తీసి పారేసిన అండర్‌ట్రే (ఇంజిన్ కింద ఉండే మూత) మళ్లీ బిగించాను. మండుటెండలో ఏసీ వేసుకుని హైవే మీద వెళ్తే 103 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే కూలెంట్ 95కి దిగింది. అంతకుముందు కొన్న పెద్ద అల్యూమినియం రేడియేటర్ ఒక్కటే ఇందులో సగం తేడా కూడా చూపించలేదు.

రెండోది బానెట్ మీద లూవర్లు, అంటే వేడి గాలి బయటికి పోయే చీలికలు. కొత్త బానెట్ కోయడానికి మనసొప్పదు కాబట్టి పాత సామాన్ల యార్డు నుంచి ఇంకో బానెట్ తెచ్చి కోయించాను. ఎక్కడ కోయాలన్నదే ఇక్కడ అసలు విషయం. చాలామంది బానెట్ వెనక భాగాన్ని వాషర్లతో పైకి లేపి వేడి పోతుందనుకుంటారు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కొంచెం పోతుంది, నిజమే. కానీ కారు వేగం అందుకున్నాక విండ్‌షీల్డ్ మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ, అక్కడి నుంచి గాలి బయటికి పోయే బదులు లోపలికి వస్తుంది. నమ్మకం లేకపోతే ఊలు దారం ముక్కలు బానెట్ నిండా టేపుతో అంటించి, పక్క కారులోంచి ఫ్రెండ్‌తో వీడియో తీయించండి. నా బానెట్ మీద ముందు భాగంలో దారాలు బుద్ధిగా వెనక్కి వాలాయి, విండ్‌షీల్డ్ దగ్గరవి గిలగిలా కొట్టుకున్నాయి. అందుకే లూవర్లు రేడియేటర్‌కి కాస్త వెనకగా పెట్టించాను. వానొస్తే నీళ్లు లోపల పడతాయి. స్పార్క్ ప్లగ్‌లకి కరెంటిచ్చే కాయిల్ ప్యాక్ ఇంజిన్ వెనక వైపు ఉండటంతో నాకు ఇబ్బంది రాలేదు. అయినా రాత్రంతా బయట పెట్టాల్సి వస్తే పైన ఒక రేకు మూత పెడతాను.

కూలెంట్ రీరూట్, అంటే ఇంజిన్‌లో కూలెంట్ వెళ్లే దారి మార్చడం గురించి ఒక మాట. ఈ ఇంజిన్ కుటుంబం పుట్టింది ముందు చక్రాలతో నడిచే మాజ్డా 323 లాంటి కార్ల కోసం. మియాటాలో కారు పొడవునా పెట్టేటప్పుడు వెనక ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) అడ్డమొచ్చి, కూలెంట్ బయటికొచ్చే దారిని ముందుకి మార్చారు. దాంతో అన్నిటికంటే వెనకున్న నాలుగో సిలిండర్‌కి చల్లదనం సరిగ్గా అందదు. రీరూట్ కిట్ ఆ దారిని మళ్లీ వెనక్కి తీసుకెళ్తుంది. బిగించడం నరకం, హెడ్‌కీ ఫైర్‌వాల్‌కీ మధ్య చెయ్యి దూరదు. మీటర్ మీద పెద్దగా తేడా కనబడదు కూడా. అయినా టర్బో ఉండి ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి ఇది తప్పనిసరి అంటాను. వీధుల్లో మాత్రమే తిప్పేవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

టర్బో బ్లాంకెట్, అంటే టర్బోకి కప్పే వేడి తట్టుకునే దుప్పటి, మంచిదే. గట్టిగా నడిపితే టర్బైన్ హౌసింగ్ కొలిమిలా ఎర్రబడుతుంది. బ్లాంకెట్ వేశాక పక్కనున్న హీటర్ గొట్టాలు, వైర్లు పెళుసెక్కడం ఆగింది. సిగ్నల్ దగ్గర ఇన్‌టేక్ గాలి వేడెక్కడం కూడా బాగా తగ్గింది. ఆ గాలి వేడెక్కితే ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, గ్రీన్ పడ్డాక కారు బద్ధకిస్తుంది. ఇప్పుడా బాధ లేదు. అయితే రెండు వేసవుల తర్వాత బ్లాంకెట్ అంచులు పీచులు పీచులుగా ఊడొచ్చాయి, కొత్తది వేశాను. దీన్ని టైర్లలాగే అరిగే సామాను కింద లెక్కేసుకోవాలి.

టర్బో నుంచి పొగని బయటికి తీసుకెళ్లే డౌన్‌పైప్‌కి చుట్టే ర్యాప్ మీద మాత్రం నాకు అంత ప్రేమ లేదు. చుట్టేటప్పుడు ఫైబర్‌గ్లాస్ నూగు చేతులకి గుచ్చుకుని రెండ్రోజులు దురద. మొదటిసారి స్టార్ట్ చేస్తే పొగ, వాసన. నా పైపు స్టెయిన్‌లెస్ కాబట్టి సరిపోయింది, మామూలు ఇనుమైతే ర్యాప్ తడి పట్టి లోపల్లోపలే తుప్పు తినేస్తుంది. ఇంజిన్ నుంచి టర్బోకి పొగ తెచ్చే పోత ఇనుము మ్యానిఫోల్డ్‌కి చుట్టలేదు, వేడి లోపలే ఉండిపోతే పగుళ్లొచ్చే భయం ఉంది. దానికి కాస్త ఎడంగా రేకు షీల్డ్ పెట్టాను, గాలి మధ్యలోంచి ఆడుతుంది.

ఇక బ్యాటరీ గురించి టెన్షన్ లేదు, మాజ్డావాళ్లు దాన్ని ముందే డిక్కీలో పెట్టారు.

కూలెంట్‌లో నీళ్ల పాలు పెంచితే వేడి బాగా లాగుతుందన్నది నిజమే. కానీ 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు చూశాక నేను నీళ్లు, యాంటీఫ్రీజ్ సగం సగం దాటి పోలేదు. ఏసీ పీకేస్తే కండెన్సర్ అడ్డం పోయి ఇంకో నాలుగైదు డిగ్రీలు తగ్గుతాయని ట్రాక్ ఫ్రెండ్స్ ఇప్పటికీ పోరుతుంటారు. జూలైలో ఒకసారి నాతో ఆఫీసుకి రమ్మంటే మాత్రం ఎవరూ రారు.