ఇంటి ఫోటోలకు ఏది మేలు: గూగుల్ ఫోటోసా, హార్డ్ డిస్కా?

2021 జూన్ 1కి ముందు మన ఇళ్లలో ఈ ప్రశ్న పెద్దగా తలెత్తలేదు. గూగుల్ ఫోటోస్‌లో 'హై క్వాలిటీ' అన్న అమరికను ఎంచుకున్నవారు ఎన్ని ఫోటోలనైనా ఉచితంగా దాచుకోగలిగేవారు. ఆ రోజు నుంచి ఎక్కించే ప్రతి ఫోటో, జీమెయిల్‌కూ డ్రైవ్‌కూ కలిపి ఇచ్చే 15 జీబీలోనే ఇమడాలన్న నిబంధన వచ్చింది. ఆ తరువాత ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా అదే లెక్కలో చేరడంతో, బంధువుల గ్రూపులో తెల్లవారకముందే వచ్చిపడే శుభోదయం బొమ్మలు సైతం పిల్లల పుట్టినరోజు ఫోటోల చోటును ఆక్రమించసాగాయి. స్టోరేజ్ నిండిందన్న హెచ్చరిక కనిపించగానే నెలనెలా డబ్బు కట్టాలా, ఒకేసారి హార్డ్ డిస్క్ కొనుక్కోవాలా అన్న చర్చ ఇంట్లో మొదలవుతుంది.

ముందు ఖర్చు సంగతి చూద్దాం. గూగుల్ అదనపు చోటును అమ్మే పథకమైన గూగుల్ వన్‌లో 100 జీబీకి నెలకు 130 రూపాయలు, ఏడాదికి ఒకేసారి కడితే 1,300 రూపాయలు. ఒక్కో ఫోటో సుమారు 4 ఎంబీ అనుకుంటే అందులో 25 వేల ఫోటోలు పడతాయి కనుక, ఫోటోలు మాత్రమే తీసే కుటుంబానికి ఇది కొన్నేళ్లు సరిపోతుంది. చిక్కంతా వీడియోలతోనే. ఐఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేముల 4కే వీడియో నిమిషానికి దాదాపు 170 ఎంబీ తింటుంది. అంటే గంటకు 10 జీబీ. పిల్లల నాట్య ప్రదర్శనలూ, ఇంట్లో శుభకార్యాలూ ఆ నాణ్యతతోనే తీసేవారికి 100 జీబీ ఏ మూలకూ చాలదు, 2 టీబీకి (అంటే సుమారు 2,000 జీబీకి) ఏడాదికి 6,500 రూపాయలు కట్టడం అందరికీ సాధ్యం కాదు. అటువంటివారికి హార్డ్ డిస్కే చవక. 1 టీబీ డిస్కును విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే 931 జీబీయే కనిపిస్తుంది గాని, దుకాణదారును నిలదీయనవసరం లేదు. తయారీదారు జీబీకి వెయ్యి ఎంబీ చొప్పున లెక్కిస్తే విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది, అంతే తేడా.

వేగంలో పోలికే లేదు. యూఎస్‌బీ 3.0 డిస్కులోకి సెకనుకు 100 ఎంబీ చొప్పున 100 జీబీ చేరడానికి పావుగంట దాటి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అదే మొత్తాన్ని 40 ఎంబీపీఎస్ (అంటే సెకనుకు 5 ఎంబీ) అప్‌లోడ్ వేగమున్న బ్రాడ్‌బ్యాండ్ మీద క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ అవతల గూగుల్ వంటి సంస్థల కంప్యూటర్లకు పంపాలంటే, కరెంటు పోకుండా లైను తెగకుండా ఉంటే అయిదున్నర గంటలు కావాలి. అయితే ఈ పని మొదటిసారి మాత్రమే భారం. ఆ తరువాత ఏ రోజు ఫోటోలు ఆ రోజే వైఫై మీద వాటంతటవే వెళ్లిపోతాయి. హార్డ్ డిస్కుకు మాత్రం ప్రతిసారీ మనమే పూనుకోవాలి, ఆ పూనికను చాలా ఇళ్లలో సంక్రాంతి సెలవులకో వేసవి సెలవులకో వాయిదా వేస్తూ పోతారు. నా దృష్టిలో క్లౌడ్‌కున్న అసలు బలం చోటు కాదు, ఈ తనంతట తాను జరిగిపోయే గుణమే.

దాని బలహీనత కూడా అక్కడే ఉంది. గూగుల్ ఫోటోస్ చేసేది పూర్తి అర్థంలో బ్యాకప్ కాదు, ఫోన్‌నూ క్లౌడ్‌నూ ఒకే తీరులో ఉంచడం. మా పెద్దమ్మ ఫోన్‌లో చోటు లేదని వాపోతూ, "అన్నీ గూగుల్‌లో ఉన్నాయిగా నాన్నా, ఇక్కడివి తీసేస్తున్నా" అని అదే యాప్‌లో ఒక్కో ఫోటోనూ ఎంచి తొలగిస్తూ కూర్చున్నారు. అలా తొలగిస్తే ఫోన్‌లోనిదీ క్లౌడ్‌లోనిదీ రెండూ పోతాయి. ఫోన్‌లో మాత్రమే చోటు ఖాళీ కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' అనే వేరే మీట నొక్కాలి. బ్యాకప్ అయిన ఫోటోలు ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి కాబట్టి ఆవిడవి తిరిగి వచ్చాయి. ఐఫోన్ల క్లౌడ్ అయిన ఐక్లౌడ్‌లో ఆ గడువు 30 రోజులే. బీరువాలోని హార్డ్ డిస్కు ఈ విషయంలో ఎంతో నమ్మకస్తురాలు: ఫోన్‌లో ఎవరు ఏం చెరిపినా దానికి పట్టదు.

కాని ఆ డిస్కు చేతిలోంచి జారితే అదే దాని చివరి రోజు కావచ్చు. లోపల పళ్లేలు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటే, వాటిని చదివే ముల్లు తాకీ తాకనంత ఎత్తులో కదులుతూ ఉంటుంది. నడుస్తుండగా పడితే ముల్లు పళ్లేన్ని గీరుతుంది. తగిలించగానే లోపలినుంచి టక్ టక్‌మని ఆగి ఆగి చప్పుడు వస్తుంటే మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా వెంటనే తీసేయాలి. సమాచారాన్ని వెలికితీసే ప్రయోగశాలలు ఉన్నాయి గాని, అవి అడిగే రుసుము డిస్కు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

పాత ఫోటో కోసం వెతికేటప్పుడు క్లౌడ్ ముందు డిస్కు నిలవలేదు. ముఖాన్ని బట్టి, ఊరును బట్టి, తేదీని బట్టి గూగుల్ ఫోటోస్ క్షణంలో తెచ్చి చూపుతుంది, డాలస్‌లో ఉన్న అన్నయ్యకు ఆల్బమ్ లంకె పంపితే చాలు. డిస్కులో అయితే 'న్యూ ఫోల్డర్ (3)' లోపల 'ఫోన్ పాతవి', దాని లోపల మరో 'న్యూ ఫోల్డర్' అన్నట్టు తవ్వుకుంటూ పోవాలి. అయితే క్లౌడ్‌నుంచి బయటకు రావడం లోపలికి వెళ్లినంత సులువు కాదు. మన ఫైళ్లను దింపుకోవడానికి గూగుల్ ఇచ్చే 'టేకౌట్' ద్వారా అన్నీ దింపుకుంటే జిప్ ఫైళ్లుగా వస్తాయి, కొన్ని వివరాలు ఫోటోలో కాక పక్కనుండే జేసన్ ఫైళ్లలో ఉంటాయి. వాటిని కలపకపోతే కొన్ని ఫోటోల తేదీలు తారుమారవుతాయి.

ఖాతాకు సంబంధించిన ప్రమాదాన్ని మనవాళ్లు తక్కువగా అంచనా వేస్తారు. రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఉచిత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. డబ్బు కట్టడం మానేసి రెండేళ్లపాటు పరిమితికి మించి ఉన్నా ఫోటోలు పోవచ్చు. నాన్నగారి ఖాతాకు జతచేసిన సిమ్ రీచార్జి లేక ఆగిపోయి, ఆ నంబరు మరొకరికి వెళ్లిపోతే, ఓటీపీలు కూడా ఆ మరొకరికే వెళతాయి. అందుకే 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్'లో ఇంట్లోవారి వివరాలు నమోదు చేసి ఉంచాలి. మనం ఎంచుకున్న గడువు (కనీసం మూడు నెలలు) మేర ఖాతా కదలకుండా ఉంటే, వారికి సందేశం వెళుతుంది.

పెన్ డ్రైవ్‌ను పోటీలోకే తీసుకోను. పెళ్లి వీడియో ఫోటోగ్రాఫర్ దగ్గరనుంచి ఇంటికి చేరడానికి అది చాలు. తిరిగే పళ్లేలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్కు దెబ్బలకు తట్టుకుంటుంది, కాని ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పెట్టదగినది కాదు.

పెద్దవాళ్లు ఉన్న ఇంటికి, ఫోటోల కోసం ఒక్కటే ఎంచుకోవాలంటే, నేను 100 జీబీ క్లౌడ్‌నే చెబుతాను, అదీ 'స్టోరేజ్ సేవర్' అమరికతో. 16 మెగాపిక్సెళ్లకు మించిన ఫోటోలను అది తగ్గించినా, గోడకు తగిలించే పటానికి ఆ స్పష్టత సరిపోతుంది. పొడుగు వీడియోలను మాత్రం డిస్కుకు తరలించాలి. ఇంట్లో మ్యాక్, విండోస్ రెండూ ఉంటే ఆ డిస్కును ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవాలి, ఎందుకంటే విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు మీద మ్యాక్ చదవగలదే తప్ప రాయలేదు. స్తోమత ఉంటే 2 టీబీ డిస్కు ఒకటి కాకుండా 1 టీబీవి రెండు కొని, రెండింటిలోనూ అవే వీడియోలు నింపి, రెండోదాన్ని మరో ఊళ్లో ఉండే తమ్ముడి ఇంట్లో ఉంచడం మంచిది.