డ్రాగ్ టైర్లకు 15 రిమ్మా, 17 రిమ్మా? ముందు బ్రేకుల సంగతి తేల్చుకోండి

హన్మకొండ నుంచి కరీంనగర్ దాకా ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ ఉన్నవాళ్లు ఈమధ్య అడుగుతున్నది ఒకటే. "అన్నా, ముందట 312 డిస్కులు వేయించిన, 17 రిమ్ములున్నయి, వీటి మీదనే డ్రాగ్ టైర్లు ఎక్కిస్తే కాదా?" (312 అంటే బ్రేకు డిస్కు వ్యాసం మిల్లీమీటర్లలో, 17 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. డ్రాగ్ అంటే తిన్నటి దారిలో పావు మైలు రేసు.) ఎక్కుతాయి తమ్ముడూ, ఎవరు కాదన్నారు. ఎక్కించాక స్టార్ట్ లైన్ దగ్గర ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. నేను మొన్ననే నా కారు ముందు రిమ్ములు 15కి మార్చాను, కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నా. మీ వాడకం వేరైతే జవాబూ వేరే.

నా దృష్టిలో అసలు విషయం టైరు పక్కగోడ ఎత్తు, అంటే సైడ్‌వాల్. మిగతావన్నీ దాని తర్వాతే. మనవాళ్లు ఎక్కువగా వేసే 215/40 ఆర్17 టైరులో అది 86 మిల్లీమీటర్లు. 24.5 అంగుళాల ఎత్తుండే 15 రిమ్ స్లిక్‌లో, అంటే గాడులు లేని రేసు టైరులో, 120 దాకా వస్తుంది. పోలోలో ఇంజిన్ బలమంతా ముందు చక్రాలకే పోతుంది, కానీ కారు ఎగిరి దూకగానే బరువు వెనక్కి జరిగి అవే చక్రాలు తేలికవుతాయి. ఆ క్షణంలో గోడ మడతపడి కుదుపును మింగితే టైరు రోడ్డును పట్టుకునే ఉంటుంది. గోడ పొట్టిగా, గట్టిగా ఉంటే చక్రం టకటకా ఎగురుతుంది, ఆ దెబ్బ నేరుగా డ్రైవ్‌షాఫ్ట్‌కు, గేర్‌బాక్సుకు పోతుంది. 1.2 జీటీ టీఎస్‌ఐలో ఉన్నది డీక్యూ200, డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. దాని హద్దే 250 ఎన్‌ఎం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం). రీమ్యాప్ చేయించి (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగు మార్చి బలం పెంచుకుని) ఆ అంచుకు దగ్గరగా ఉన్న కారుకు పొట్టి గోడ టైరు వేయడమంటే గేర్‌బాక్సు ఖర్చును చేతులారా పిలుచుకోవడమే.

సరే, 15 రిమ్ కావాలి. అక్కడే బ్రేకులు అడ్డం వస్తాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో కంపెనీ క్యాలిపర్లతో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలతో) అయితే లెక్క దాదాపు ఇలా ఉంటుంది: 256, 288 డిస్కులు 15 రిమ్‌లో పడతాయి, 312కి కనీసం 16 కావాలి, 340 దాటితే 17. అంటే మీరు మోజుపడి వేయించిన 312 కిట్టే ఇప్పుడు మంచి డ్రాగ్ టైరుకు అడ్డు.

ఇది చెప్పగానే అందరికీ టెన్షన్. చిన్న డిస్కుతో అంత స్పీడు మీద బండి ఆగుతుందా అని. ఒకసారి లెక్క వేసి చూడండి. డ్రైవర్‌తో కలిపి 1200 కిలోల కారు పావు మైలు చివర గంటకు 160 కిలోమీటర్ల మీద ఉందనుకుందాం. దాన్ని ఆపాలంటే పోగొట్టాల్సిన శక్తి దాదాపు 12 లక్షల జౌళ్లు. అందులో 70 శాతం ముందు బ్రేకులు మోస్తే 8.4 లక్షలు. 256 డిస్కులు రెండూ కలిపి 10 కిలోలనుకుంటే, కిలో ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 480 జౌళ్లు తీసుకుంటుంది కాబట్టి, ఒక్క స్టాప్‌కు పెరిగే వేడి 175 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మామూలు ప్యాడ్లు కూడా ఆ వేడికి చేతులెత్తేయవు. పైగా ఇందులో గాలి, రోడ్డు పట్టి ఆపే వాటా కలపనే లేదు. పెద్ద డిస్కు పని మళ్లీ మళ్లీ బ్రేకు కొట్టే చోట, సర్క్యూట్‌లో, ఘాట్ రోడ్డులో. డ్రాగ్‌లో ఒకసారి ఆపుతాం, తర్వాత వరుసలో నిలబడి మన వంతు కోసం చూస్తాం, ఈలోపు డిస్కు చల్లారుతుంది. చల్లారే లోపు మాత్రం పెడల్ తొక్కిపట్టి నిలబడొద్దు, ప్యాడ్ కింద ఆ ఒక్క చోటే వేడి నిలిచిపోతుంది.

డిస్కు సైజు కంటే ముందు చూడాల్సింది బ్రేక్ ఆయిల్. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. రెండు మూడు వానాకాలాలు చూసిన ఆయిల్‌తో 312 డిస్కు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మార్పించండి, ప్యాడ్లు కొంచెం మంచివి వేయించండి, చాలు. రంధ్రాల డిస్కులు, వెనక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టించడం, ఇవన్నీ చూసేవాళ్ల కోసం.

ఇంతకీ ఎవరు 17 మీదే ఉండాలి? అదే కారుతో వారానికోసారి హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లు, నలుగురిని ఎక్కించుకుని నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ దిగేవాళ్లు, మద్రాస్ ట్రాక్ మీద ల్యాపులు కొట్టాలనుకునేవాళ్లు. వాళ్లకు 312 నిజంగా పనికొస్తుంది, ఏడాదికి ఒక్క డ్రాగ్ ఈవెంట్ కోసం దాన్ని పీకేయడం దండగ. 17లో సెమీ స్లిక్ రేడియల్ (గాడులు తక్కువుండే టైరు) వేసుకుని, గాలి కొంచెం తగ్గించి, స్టార్ట్‌లో ఆ కొంత పోగొట్టుకోవడమే నయం. 16 మధ్యేమార్గమే, 312 మీద కూడా చాలా వరకు పడుతుంది, కానీ ఆ సైజులో అసలైన డ్రాగ్ టైర్లు దొరకడం తక్కువ. దొరికితే చూడండి.

15కి దిగేవాళ్లు ఇంకొకటి తేల్చుకోవాలి, రేడియలా (లోపలి దారాలు అడ్డంగా ఉండేది), బయాస్ స్లిక్కా (దారాలు ఏటవాలుగా ఉండేది) అని. ముందు బయాస్, వెనక మామూలు రేడియల్ ఉంటే స్పీడు పెరిగాక కారు ముందు భాగం ఊగుతుంది, స్టీరింగ్ చేతికి సరిగ్గా చిక్కదు. మొదటిసారి వెళ్తుంటే నాలుగూ రేడియల్ ఉంచండి. ఏదైనా సరే ముందు, వెనక ఎత్తులు దగ్గరగా ఉండాలి, లేకపోతే ఏబీఎస్ అయోమయంలో పడుతుంది. 24.5 స్లిక్ ఎత్తు 622 మిల్లీమీటర్లు, వెనక కంపెనీ 195/55 ఆర్16 ఉంటే అది 621, అక్కడ పేచీ లేదు. అయితే కొనేముందు ఆ ఈవెంట్ రూల్స్ చదవండి, కొన్ని క్లాసుల్లో స్లిక్కులకు అనుమతే ఉండదు.

రోడ్డు మీద ట్రయల్ వేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. పబ్లిక్ రోడ్డు మీద రేసు పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్, మొదటిసారికే మూడు నెలల జైలు దాకా, 5000 జరిమానా దాకా. వరంగల్ దగ్గర మామునూరు ఎయిర్‌స్ట్రిప్ మీద పెట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అక్కడ విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది, ఆ ఆశ వదులుకోండి. స్లిక్కులు డిక్కీలో వేసుకెళ్లి ఈవెంట్ దగ్గరే మార్చుకోవాలి.

రిమ్ కొనేటప్పుడు షాపువాడు "15 అన్నీ ఒకటే సార్" అంటాడు. కాదు. లోపలి పీపా (రిమ్ బారెల్) లోతు, స్పోకుల వంపు ఒక్కో డిజైన్‌కు ఒక్కోలా ఉంటాయి, 288 ఒక రిమ్‌లో పడి పక్క రిమ్‌లో రుద్దుకుంటుంది. కారు జాకీ మీద ఎత్తి, రిమ్ ఒక్కటే టైరు లేకుండా బిగించి చేత్తో తిప్పి చూడండి. క్యాలిపర్‌కు, పీపాకు, స్పోకుకు మధ్య అంతటా కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. అప్పటికి సరిపోయినట్టే ఉంటుంది, తర్వాత బ్యాలెన్సింగ్‌కు లోపల అంటించే ముక్కలు క్యాలిపర్‌కు తగిలి ఊడిపోతాయి, కాబట్టి అవి ఎక్కడ పడతాయో కూడా చూసుకోండి. 5x100 (100 మిల్లీమీటర్ల వలయంలో అయిదు బోల్టులు), 57.1 మిల్లీమీటర్ల బోర్ (రిమ్ మధ్య రంధ్రం) సంగతి మీకు తెలిసిందే. బోల్టుల సంగతి చాలామంది చూడరు. పోలో కంపెనీ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, బయట దొరికే రిమ్ములకు ఎక్కువగా కోను ఆకారం కావాలి. పాత బోల్టులే బిగిస్తే బిగిసినట్టే అనిపిస్తుంది కానీ పట్టు అంచు మీదే ఉంటుంది. రిమ్‌తో పాటే కోను బోల్టులు తెచ్చుకుని 120 ఎన్‌ఎంకు టార్క్ రెంచ్‌తో బిగించండి, మొదటి రన్ అయ్యాక ఇంకోసారి చూడండి.