ఒక్కరోజు అడవి నడకకు నీళ్లు: బాటిలా, బ్లాడరా, ఫిల్టరా?

వానలు తగ్గి నల్లమల, శేషాచలం దారులు కాస్త ఆరగానే అందరూ అడిగేది ఒక్కటే: "ఏ బ్యాగు కొనమంటారు?" బ్యాగు సంగతి తర్వాత. ఎన్ని నీళ్లు మోస్తారు, దేంట్లో మోస్తారు అన్నది ముందు తేల్చుకోవాలి. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఒక్కరోజు నడకలో తిండి, కోటు, లైటు, మందులు అన్నీ కలిపినా రెండు కిలోలు దాటడం కష్టం. నీళ్లొక్కటే మూడు కిలోలు. సంచి ఎంత పెద్దదుండాలి, దానికి నడుం పట్టీ కావాలా వద్దా అన్నవి ఈ మూడు కిలోలను బట్టే తేలతాయి.

లెక్క ఇలా వేసుకోండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, చెట్ల నీడ ఉన్న దారిలో, మనిషికి గంటకు అర లీటరు. ఆరు గంటల నడకకు మూడు లీటర్లు. మార్చి దాటితే గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా పడుతుంది. అదే ఆరు గంటలకు నాలుగున్నర నుంచి ఆరు కిలోలు మోయాలి. అంత బరువు మోయడానికే ఇంకాస్త చెమట, ఇంకాస్త దాహం. అందుకే ఎండాకాలంలో నీళ్లు పెంచడం కంటే నడక తగ్గించడం మేలు: తెల్లారుతూనే బయల్దేరి పదింటికల్లా బండి దగ్గరికి వచ్చేయాలి. చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం జాతరకు వెళ్లేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. ఏప్రిల్ ఎండలో ముందు లోయలోకి దిగి, ఆ తర్వాత ఎక్కిరావాలి. ఇలా దిగుడు ముందు వచ్చే దారుల్లో మూడో వంతు నీళ్లతో దిగి, రెండు వంతులు ఎక్కడానికి మిగుల్చుకోవాలి. చాలామంది సరిగ్గా దీన్ని తిరగేస్తారు.

ఇక దేంట్లో మోయాలి?

బ్లాడర్ అంటే సంచి లోపల పెట్టుకునే, గొట్టమున్న నీళ్ల తిత్తి. దాని వైపు వాదన బలమైనదే. భుజం మీదుగా వచ్చే గొట్టంతో నడుస్తూనే గుక్కగుక్కగా తాగొచ్చు. బాటిల్‌ను సంచి లోపల పెట్టుకున్నవాళ్లు ఆగినప్పుడే తాగుతారు, ఆగడానికి బద్ధకిస్తే అదీ ఉండదు. పదకొండింటికల్లా తల పట్టేయడానికి చాలాసార్లు ఇదే కారణం. పైగా తిత్తి వీపుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి బండలెక్కేటప్పుడు బరువు అటూ ఇటూ ఊగదు. ఎగువ అహోబిలం లాంటి గుళ్ల దగ్గర ఇంకో లాభం కూడా ఉంది. సైడు జేబులో రంగునీళ్ల బాటిల్ కనిపిస్తే కోతి ఊరుకోదు, సంచి లోపలున్న తిత్తి దాని కంటపడదు.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా మన అడవులకు నా ఓటు బాటిళ్లకే. అసలు కారణం, ఎన్ని నీళ్లు మిగిలాయో కంటికి కనబడటం. సగం నీళ్లు అయిపోయాయంటే జలపాతం ఇంకో అరగంటే అని ఎవరు చెప్పినా వెనక్కి తిరగాలి. ఈ నియమం పాటించాలంటే సగం ఎప్పుడయిందో తెలియాలి కదా. మూడు లీటరు బాటిళ్లుంటే రెండోది సగానికి వచ్చినప్పుడు తెలిసిపోతుంది. బ్లాడర్‌తో అలా కుదరదు. మిగతా సామాను ఒత్తిడికి నీళ్లు చివరి దాకా ఒకే ధారగా వస్తుంటాయి, గొట్టం గురగురమన్నప్పుడు చూసుకుంటే అడుగున ఏమీ ఉండదు. ప్రతి గంటకూ సంచి దించి, జిప్పు తీసి, తిత్తి పైకి లాగి చూసుకునేవాళ్లు ఎవరుంటారు?

రెండోది లీకు. బ్లాడర్ కారేది ఎక్కువగా మూడు చోట్ల. గొట్టం తిత్తిలోకి దిగే దగ్గర రబ్బరు వాషర్ పక్కకి జరిగి. పైన మడిచి జారించే మూతలో ఇసక రేణువో, బట్ట అంచో ఇరుక్కుని. కారు డిక్కీలో సంచుల మీద సంచులు పడేసినప్పుడు నోటి దగ్గరి వాల్వు నొక్కుకుని. ఈ మూడోది మహా దొంగ. అడవి అంచున దిగి సంచి ఎత్తుకునేసరికి లీటరు నీళ్లు డిక్కీ కార్పెట్‌లో ఉంటాయి. బాటిళ్లలో ఒకటి పగిలితే పోయేది మూడో వంతే. ఒకే తిత్తి చిల్లిపడితే మొత్తం పోయినట్టే, అన్నం మూట కూడా తడుస్తుంది.

అయినా బ్లాడరే కావాలంటే లీటరున్నరది తీసుకుని, మిగతా లీటరున్నర బాటిళ్లలో పెట్టుకోండి. బ్లాడర్ ఖాళీ అయినప్పుడు చేతిలో ఇంకా సగం ఉంటాయి, వెనక్కి తిరగడానికి అదే గుర్తు. తిత్తిని ముందు నింపి, గాలి పిండేసి, సంచిలో పెట్టాకే మిగతావి సర్దాలి. నిండిన సంచిలోకి నిండిన తిత్తి దూరదు. వాల్వుకు లాక్ ఉంటే బండెక్కే ముందు తిప్పేయాలి. అందులో మంచినీళ్లు తప్ప గ్లూకోజు, నిమ్మరసం, ఓఆర్ఎస్ ఏవీ పోయొద్దు. గొట్టంలో తీపి నిలిస్తే నాలుగు రోజుల్లో నల్లటి బూజు పడుతుంది, అది సన్నటి బ్రష్షుతో తోమితే తప్ప పోదు. ఇంటికి రాగానే కడిగి, లోపలి గోడలు అంటుకోకుండా చెంచానో గరిటో అడ్డం పెట్టి తలకిందులుగా వేలాడదీయాలి. ఇంత సేవ ప్రతిసారీ చేయగలిగితేనే కొనండి.

మామూలు లీటరు నీళ్ల బాటిల్ ఇరవై రూపాయలకు అటూ ఇటూ, ఖాళీ బరువు నాలుగు తులాల కంటే తక్కువ. దానికి ఇంకో ఉపయోగముంది. బండ మీద జారి మోకాలు చీరుకుపోతే గాయంలో ఇసక ఉండిపోతుంది, బట్టతో తుడిస్తే ఇంకా లోపలికి వెళ్తుంది. బాటిల్ మూతకు పిన్నీసుతో చిన్న చిల్లి పెట్టి గట్టిగా నొక్కితే సన్నటి ధార వేగంగా కొట్టి ఆ ఇసకను బయటికి తోసేస్తుంది. మెత్తటి బాటిల్‌తోనే ఇది కుదురుతుంది. అందుకని ఒక విడి మూతకు ఇంట్లోనే చిల్లి పెట్టి మందుల సంచిలో వేసుకోవచ్చు.

బాటిల్‌తో ఉన్న అసలు ఇబ్బంది సైడు జేబు. చాలా సంచులకు అది లోతు తక్కువ. కొమ్మ కింద వంగి దూరేటప్పుడు బాటిల్ జారి లోయలోకి దొర్లిపోతుంది. దాని మెడకు తాడు చుట్టి సంచి పట్టీకి ముడేయండి, లేదా భుజం పట్టీకి తగిలించే చిన్న గుడ్డ సంచి తీసుకోండి. అందులో అర లీటరు బాటిల్ పెట్టుకుంటే బ్లాడర్ గొట్టం ఇచ్చే సుఖం ముప్పావు వంతు వచ్చేస్తుంది. కొన్ని అటవీ చెక్‌పోస్టుల దగ్గర వాడి పారేసే బాటిళ్లను లోపలికి రానివ్వరు. అక్కడికి మందపాటి ప్లాస్టిక్ బాటిళ్లే పట్టుకెళ్లాలి.

స్టీలు బాటిల్? చల్లగా ఉంటాయి నిజమే. రెండు పొరల లీటరు బాటిల్ ఖాళీదే అర కిలో దాకా ఉంటుంది, మూడు మోయలేం. రాగి బాటిల్ ఇంట్లోనే ఉంచండి, నిమ్మకాయ పిండుకున్న నీళ్లు రాగిలో అసలు పోయకూడదు.

ఫిల్టర్ సంగతికి వద్దాం. హిమాలయాల వీడియోలు చూసి చాలామంది ఒక లీటరు బాటిల్, ఒక ఫిల్టర్ చాలనుకుంటారు. అక్కడ దారి పొడవునా పారే నీళ్లు దొరుకుతాయి. ఇక్కడ ఆకురాల్చే పొడి అడవి. ఫిబ్రవరి దాటితే నల్లమల వాగుల్లో చాలావరకు ఇసకే మిగులుతుంది. ఫోన్ మ్యాపులో నీలం గీత ఉందని నమ్ముకుని దిగితే ఎండిన గులకరాళ్లు ఎదురొస్తాయి. ఏ వాగులో చెలమ తవ్వితే నీళ్లూరతాయో చెంచులకు తెలుస్తుంది, ఫిల్టర్ పెట్టె మీద రాసుండదు. కాబట్టి ఫిల్టర్‌ను చూసుకుని మోసే నీళ్లు తగ్గించొద్దు. ఇంకో అర పూట ఇరుక్కుపోతే పనికొచ్చే ఆసరాగా పెట్టుకోండి, బరువు వంద గ్రాములు కూడా ఉండదు.

సన్నటి గొట్టాల్లాంటి పోగులతో చేసిన ఫిల్టర్ల రంధ్రం సుమారు 0.1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు. బ్యాక్టీరియా, అమీబా, విరేచనాలు తెచ్చే జియార్డియా అనే పరాన్నజీవి ఆగిపోతాయి. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు అంతకంటే చిన్నవి, దూరిపోతాయి. పైన గూడెమో, యాత్రికులు వంటలు చేసుకునే చోటో, పశువుల మందో ఉన్న వాగు నీళ్లను వడకట్టాక క్లోరిన్ బిళ్ల కూడా వేసి, చీటీ మీద రాసినంతసేపు, కనీసం అరగంట ఆగాలి. పొలాల్లోంచి వచ్చే వాగైతే పురుగుమందుకు ఈ రెండూ పనిచేయవు, ఆ నీళ్లు ముట్టొద్దు. వానాకాలపు ఎర్రనీళ్లను నేరుగా పోస్తే ఫిల్టర్ రెండు లీటర్లకే మూసుకుపోతుంది. బాటిల్‌లో పట్టి అరగంట కదపకుండా ఉంచి, పైతేట నీళ్లను నాలుగు మడతల గుడ్డలోంచి వంచి, అప్పుడు వడకట్టాలి. ఇంటికొచ్చాక సిరంజితో వెనక వైపు నుంచి మంచినీళ్లు కొట్టి శుభ్రం చేయాలి. ఒక చిక్కుంది: ఈ ఫిల్టర్ల మర కూల్‌డ్రింకు బాటిల్ మెడకు సరిపోతుంది, కొన్ని నీళ్ల బాటిళ్ల మెడ కొలత వేరు. ఇంట్లో బిగించి, తలకిందులు చేసి చూసుకున్నాకే సంచిలో వేయండి.

మూడు బాటిళ్లలో ఒకదాంట్లో ఓఆర్ఎస్ కలపండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది, వట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి వాంతి, తలతిరుగుడు వస్తాయి, అప్పుడు ఇంకా నీళ్లు పట్టిస్తే ఇంకా ముదురుతుంది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి: లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, రుచి కోసం అర లీటరులో కలపకూడదు. అట్టపెట్టెల్లో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాలు ఇది కాదు. వాటి మీద ఆ పేరు వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది, దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ చేసిన సుదీర్ఘ పోరాటముంది.

ఇప్పుడు బ్యాగు. మూడు లీటర్లు మోసేవాళ్లకు 20 నుంచి 25 లీటర్ల సంచి చాలు, ఛాతీ పట్టీ, నడుం పట్టీ ఉండాలి. కాలేజీ బ్యాగుకు నడుం పట్టీ ఉండదు, ఐదు కిలోలు పూర్తిగా భుజాల మీద పడి మధ్యాహ్నానికి మెడ పట్టేస్తుంది. పెద్దది కొంటే మాత్రం ఖాళీ ఉంది కదా అని సామాను పెరుగుతుంది. వానకు రెయిన్ కవరా, లోపల ప్లాస్టిక్ సంచా అంటే లోపలిదే. కవరు వీపు వైపు కప్పదు, కోటు మీద నుంచి కారిన నీళ్లు అటునుంచే లోపలికి దిగుతాయి. మందపాటి పాలిథీన్ సంచిలో సామానంతా పెట్టి మూతి మెలిపెట్టి ముడిస్తే వాగు దాటేటప్పుడు పడినా తడవదు.

బూట్లకు వస్తే, చీలమండ దాకా వచ్చే తోలు బూట్లు మన వాగులకు దండగ. ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఆరవు. సన్నటి జాలీ బట్టతో, అడుగున నాలుగైదు మిల్లీమీటర్ల గట్లున్న ట్రెయిల్ షూ మేలు. మామూలు రన్నింగ్ షూ అడుగు మెత్తగా ఉంటుంది, తుమ్మముల్లు దిగిపోతుంది. ఫ్లోటర్లు వాగు దాటడానికే, కంపలో కాదు. తలకోన దారుల్లో తడిసిన బండ మీద పాకుడు పట్టిన చోట ఏ కంపెనీ రబ్బరూ నిలవదు, పక్కన ఇసకలో దిగి నడవడమే. కాటన్ సాక్సు తడిస్తే బొబ్బలు ఖాయం, సింథటిక్‌వి రెండు జతలు.

నిక్కరా, ప్యాంటా? ప్యాంటే, చేతులు నిండా చొక్కా కూడా. గడ్డిలో పిడుదులు, డొంకల్లో దురదగొండి నూగు ఉంటాయి. రెయిన్ కోటు, తల మీంచి దుప్పటిలా వేసుకునే పోంచో రెండింట్లో కోటు; పోంచో రేగు కంపకు చిక్కుకుని చిరుగుతుంది. వెడల్పు దారైతే గొడుగు కూడా చాలు. చేతికర్రకు వెదురు సరిపోతుంది. లైటుకు ఫోన్ మీద ఆధారపడొద్దు: సిగ్నల్ లేని చోట టవర్ వెతుక్కుంటూనే బ్యాటరీ తాగేస్తుంది. దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మ్యాపు ముందే దింపుకుని, తలకు కట్టుకునే లైటు విడిగా తీసుకెళ్లండి. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది, చెట్ల కింద ఇంకో అరగంట ముందే చీకటి.

తిండికి పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది, పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది, నడుస్తూ తినడానికి పల్లీపట్టీలు. స్టవ్ పెట్టుకుని వేడిగా వండుకుందామన్న ఆలోచన ఒద్దు. అడవిలో మంట పెట్టడం నేరం, ఎండాకాలం చెక్‌పోస్టు దగ్గర అగ్గిపెట్టె ఉందా అని సంచులు వెతుకుతారు.