డిసెంబరులో థొరాంగ్ లా: ఒక ట్రెక్కింగ్ సంస్థ అన్‌సీజన్ ఏర్పాట్లపై సమీక్ష

థొరాంగ్ లా అనే ఎత్తైన కనుమ మీదుగా సాగే నేపాల్‌లోని అన్నపూర్ణ సర్క్యూట్ కాలిదారిలో జనం ఎక్కువగా నడిచేది అక్టోబరు, నవంబరు నెలల్లోనూ, మళ్లీ మార్చి నుంచి మే వరకూను. మేము నలుగురం కావాలనే డిసెంబరు రెండో వారాన్ని ఎంచుకున్నాం. అప్పటికి వర్షాకాలపు తేమ పూర్తిగా పోయి ఆకాశం తేటపడుతుంది, పడమటి నుంచి వచ్చే చలికాలపు వాతావరణ అలజడులు తెచ్చే భారీ మంచు సాధారణంగా జనవరి, ఫిబ్రవరి నెలల దాకా ఆగుతుంది. ఏర్పాట్లన్నీ ఒక ట్రెక్కింగ్ సంస్థకు అప్పగించాం. దాని పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే లోపాలు ఆ ఒక్క సంస్థకే పరిమితమని నేను అనుకోవడం లేదు.

ముందుగా మెచ్చుకోవలసిన సంగతి చెప్పాలి. దారిలోని మనాంగ్ ఊరు దాటాక ఏయే బసలు తెరిచి ఉన్నాయో బయలుదేరడానికి వారం ముందు ఫోన్లు చేసి కనుక్కొని, ఆ జాబితాను మాకు పంపారు. ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది కానీ అన్‌సీజన్ ప్రణాళికకు ఇదే ఆయువుపట్టు. మనాంగ్ సుమారు 3,540 మీటర్ల ఎత్తులో, యాక్ ఖర్కా సుమారు 4,050 మీటర్ల ఎత్తులో, థొరాంగ్ ఫేదీ సుమారు 4,450 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. 3,000 మీటర్లు దాటిన తర్వాత రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది కొండ వైద్యంలో అందరూ పాటించే సూత్రం. యాక్ ఖర్కాలో బసలు మూతపడితే మనాంగ్ నుంచి ఒక్క రోజులో 900 మీటర్లు ఎక్కి పడుకోవలసి వస్తుంది, అంటే తలుపుకు వేసిన ఒక తాళం, పలచని గాలికి ఒళ్లు అలవాటుపడక వచ్చే ఎత్తు జబ్బుకు కారణం కాగలదు. పైగా మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ నడిపే వైద్య కేంద్రం సీజన్ నెలల్లోనే పనిచేస్తుంది. ఈ రెండు విషయాలనూ సంస్థ దాచకుండా ముందే చెప్పింది.

మాకు పేచీ వచ్చింది రోజుల లెక్క దగ్గర. వాళ్లు ఇచ్చిన పట్టికలో 14 రోజులూ నడకతోనూ, విశ్రాంతితోనూ నిండిపోయి, వాతావరణం కోసం ఒక్క రోజూ మిగలలేదు. రెండు రోజులు అదనంగా అడిగితే, డిసెంబరులో తుపానులు ఉండవు కదా అని ప్రతినిధి తేలిగ్గా తీసిపారేశారు. కొండ క్యాలెండరు చూసి నడుచుకోదు. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను అవశేషమే రెండు రోజుల తర్వాత అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల్లో మంచు తుపానుగా విరుచుకుపడి 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. అది నిండు సీజన్, దారి నిండా మనుషులున్న సమయం. ఆ దారిలో మనుషులు పలచబడే నెలలో ఒక్క రోజు కూడా చేతిలో ఉంచుకోకుండా 5,416 మీటర్ల కనుమ దాటే ప్రణాళిక వేయడం నాకు మింగుడుపడలేదు. వాదించగా వాదించగా ఒక రోజు కలిపారు.

ఆ ఒక్క రోజే మమ్మల్ని కాపాడింది. యాక్ ఖర్కాలో సాయంత్రం మొదలైన మంచు తెల్లవారుదాకా కురిసింది. మా గైడ్ దారి చూసి వచ్చి, ఈ రోజు కదలడం లేదని రెండు ముక్కల్లో తేల్చేశాడు, మేము ఎంత బతిమాలినా వినలేదు. సీజన్‌లో ఫేదీ నుంచి కనుమకు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే బయలుదేరడం ఆనవాయితీ, ఎందుకంటే పొద్దెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది. డిసెంబరులో అదే వేళకు చలి భరించరానిది, అలాగని ఆలస్యం చేద్దామంటే పగలే పదిన్నర గంటలకు మించదు. ఈ రెంటినీ తూచి ఆయన ఐదున్నరకు బయలుదేరదీశాడు. పైన గాలి మొదలయ్యే సరికి మేము కనుమకు అవతల ఉన్న ముక్తినాథ్ వైపు దిగుతున్నాం. సంస్థకు నేను ఇచ్చే మార్కుల్లో సగానికి పైగా ఈ మనిషికే చెందుతాయి.

సామాను విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. మైనస్ 15 డిగ్రీలకు సరిపోతుందని అద్దెకిచ్చిన స్లీపింగ్ బ్యాగ్ లోపలి చీటీ చూస్తే, ఆ అంకె కంఫర్ట్‌ది కాదు, లిమిట్‌ది. చలికి తట్టుకునే మనిషి ముడుచుకొని ఎలాగో రాత్రి గడపగల ఉష్ణోగ్రత అది, హాయిగా నిద్రపట్టేది కాదు. వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క వేసుకుంటే మనాంగ్‌లో ఓర్చుకున్న బ్యాగ్ ఫేదీలో ఎందుకు చాలలేదో అర్థమవుతుంది. నీటి వడపోత గొట్టం ఒకసారి గడ్డకడితే లోపలి పొరలు చిట్లి, పైకి బాగానే కనిపిస్తూ పనికిరాకుండా పోతుందన్న హెచ్చరిక కూడా వాళ్ల కాగితాల్లో ఎక్కడా లేదు. దానిని, ఫోనును, బ్యాటరీలను రాత్రిళ్లు బ్యాగ్‌లోనే పెట్టుకొని పడుకున్నాం. మంచు మీద జారకుండా బూట్లకు తొడిగే మైక్రోస్పైక్‌లు, అనుమతి పత్రాలు సక్రమంగా ఇచ్చారు. బీమా మీ బాధ్యత అన్నారు, అది న్యాయమే. పాలసీలో ఎత్తు పరిమితి ఎంతో, హెలికాప్టరు ఖర్చు అందులో ఉందో లేదో చదువుకోవలసింది మనమే.

మంచుకు ఆగిన రోజుతో మిగులు అయిపోయినందున ముక్తినాథ్ నుంచి జోమ్‌సోమ్‌కు నడవవలసిన దారిని జీపులో ముగించాం. తిరిగి వచ్చాక సంస్థకు రెండు ప్రశ్నలు రాశాను: స్లీపింగ్ బ్యాగుల మీద కంఫర్ట్ అంకె ఎందుకు రాయరు, డిసెంబరు పట్టికలో రెండు ఖాళీ రోజులు ఎందుకు చేర్చరు అని. మొదటిదానికి మారుస్తామని జవాబు వచ్చింది. రెండోదానికి ఇంకా రాలేదు.