డబ్ల్యూడీజీ-3ఏ: నల్లగొండ లైనులో ఏళ్లపాటు నడిపినవాడి మాట

రెండేళ్లు నడిపిన స్కూటర్ గురించే పేజీలకు పేజీలు రాస్తున్నారు. సర్వీసులో సగం ఈ ఇంజన్ క్యాబ్‌లోనే గడిపినవాణ్ని, నేను నాలుగు ముక్కలు రాస్తే తప్పేముంది? పగిడిపల్లి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా నడికుడి పోయే సింగిల్ లైనులో గూడ్సులకు కట్టిన డీజిల్ ఇంజన్లలో నా ఓటు దీనికే. కరెంటు తీగలు వచ్చాక ఇటువైపు కనబడటమే అరుదైంది.

అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్‌తో వారణాసిలోని డీజిల్ రైలింజన్ల కర్మాగారం డీఎల్‌డబ్ల్యూ 1964 నుంచి డబ్ల్యూడీఎం-2 తయారుచేసింది. 2,600 హార్స్‌పవర్, ప్యాసింజరుకూ అదే, గూడ్సుకూ అదే. బరువు లోడ్ల కోసమే ప్రత్యేకంగా 1995లో ఇది వచ్చింది. మొదట్లో పేరు డబ్ల్యూడీజీ-2. అదే పదహారు సిలిండర్ల ఆల్కో, కాకపోతే 3,100 హార్స్‌పవర్. అందరూ ఈ అంకెనే మెచ్చుకుంటారు. నన్నడిగితే అసలు సంగతి కింద బోగీలో, అంటే చక్రాలూ ఇరుసులూ బిగించే చట్రంలో ఉంది. డబ్ల్యూడీఎం-2ను మెరుగుపరిచిన డబ్ల్యూడీఎం-3ఏకూ 3,100 హార్స్‌పవరే, లోడు కట్టి చూడండి తేడా!

పాత బోగీలో ఇరుసులను తిప్పే మూడు ట్రాక్షన్ మోటార్లూ ఒకే దిక్కుకు ఉండవు. లాగేటప్పుడు బరువు ఒక ఇరుసు మీంచి ఇంకోదాని మీదికి జరిగి, తేలికపడిన చక్రం ముందు జారుతుంది. దీంట్లో మూడూ ఒకే దిక్కు, జరిగే బరువు తక్కువ. పైగా ఇంజన్ బరువు సుమారు 113 టన్నుల నుంచి 123కు పెరిగింది, గేర్ నిష్పత్తి 18:65 నుంచి 18:74కు మారింది. టాప్ స్పీడు గంటకు 120 కిలోమీటర్ల నుంచి 100కు తగ్గింది కానీ, బండిని కదిలించే బలం 30 టన్నుల చిల్లర నుంచి దాదాపు 38 టన్నులకు చేరింది.

ముసురు పట్టిన రోజు విష్ణుపురంలో సిమెంటు వ్యాగన్ల వరస తగిలించుకుని లూప్ లైనులోంచి, అంటే స్టేషన్లో బండ్లు పక్కకు ఆపే లైనులోంచి బయల్దేరడం, అదీ పరీక్ష. మొదటి నాచ్ (ఇంజన్ జోరు పెంచే పిడిలో ఎనిమిది మెట్లుంటాయి, ఒక్కో మెట్టు ఒక నాచ్) వేసి కప్లింగులు బిగిసేదాకా ఆగాలి. రెండు, మూడు... మోటార్లకు పోయే కరెంటు చూపే లోడ్ మీటర్ ముల్లు పైకి పాకుతుంది, బండి కదలదు. పాత ఇంజనైతే ఇక్కడే వీల్ స్లిప్ దీపం వెలిగేది. నాచ్ దించు, పట్టు కోసం పట్టాల మీద ఇసుక వదులు, మళ్లీ మొదటికి. ఇది దుక్కిలో దిగిన దున్నపోతులా తల వంచుకుని లాగుతుంది. అసలు జారదని కాదు, జారినా కాస్త ఇసుకతో దారికొస్తుంది.

నాచ్ గబగబా పెంచితే మాత్రం నల్లటి పొగ. డీజిల్ ముందే అందుతుంది, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో తిరిగేది ఇంజన్ వదిలే పొగతో కాబట్టి వెనకబడుతుంది. గాలి చాలక నూనె సగమే కాలుతుంది. ఫొటోలు తీసేవాళ్లకు పండగే, పట్టాల పక్కన బట్టలారేసుకున్నవాళ్లకు కాదు.

ఇక మనిషికి పెట్టే తిప్పలు. మే నెలలో నల్లగొండ ఎండ ఒకటి, వెనక ఇంజన్ సెగ ఇంకొకటి. క్యాబ్‌లో మరుగుదొడ్డి లేదు. ఎదురుబండి క్రాసింగ్ కోసం చిట్యాలలోనో రామన్నపేటలోనో లూప్‌లో పెడితే ఎప్పుడు వదులుతారో తెలియదు. ఇంజన్ ఆపుదామంటే బ్యాటరీలు నీరసంగా ఉంటే మళ్లీ లేవదేమోనని భయం, అందుకని నిలబడి ఉన్నా ఇంజన్‌ను ఆపకుండా ఐడిల్‌లోనే ఉంచేవాళ్లం. ఎంత డీజిల్ దండగో! పొడుగు హుడ్ (క్యాబ్‌కు ఒక పక్కనున్న, ఇంజన్ ఉండే పొడవాటి భాగం) ముందుపెట్టి పోతుంటే వంపుల్లో ఒక పక్క ఏమీ కనబడదు, సిగ్నల్ ఏముందో అసిస్టెంట్ డ్రైవరు అరిచి చెప్పాల్సిందే.

తర్వాత వచ్చిన 4,000 హార్స్‌పవర్ గూడ్సు ఇంజన్ డబ్ల్యూడీజీ-4 దీనికంటే మేలైన ఇంజన్, అందులో వాదన లేదు. లోపం వస్తే స్క్రీన్ మీదే రాసి చూపిస్తుంది. ఆల్కోలో చెవితో పట్టుకోవాలి. ఎనిమిదో నాచ్‌లో ఒక సిలిండర్ సరిగా మండకపోతే ఆ తేడా ముందు కాళ్ల కింద రేకుకు తెలిసేది, తర్వాతే మీటర్లకు.

ఎక్కడైనా ఇది దొరికి చూడబోతే, స్పీడుగా పోయే చోట నిలబడకండి. స్టేషన్ చివర కంచె బయట ఉండి, లోడుతో ఎత్తుకునేటప్పుడు వినండి.